తలుపు మూసినవాడే లెక్క చెప్పాలి



మన తెలుగు కతోలికులకు ‘విచారణ’ అనే మాట రెండు విధాలుగా పరిచయం. ఒక గుడి, దాని చుట్టూ ఉన్న కుటుంబాలు కలిస్తే అది మన విచారణ. పోలీసు స్టేషన్లోనో కోర్టులోనో ఒక మనిషిని నిలబెట్టి ప్రశ్నలడిగితే అదీ విచారణే. మొదటిదానిలో బాగోగులు కనుక్కోవడం ఉంది, రెండవదానిలో నిజం కనుక్కోవడం ఉంది. నిజం కనుక్కోకుండా ఎవరి బాగోగులైనా చూడగలమా? గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఒక తల్లి వల్ల, చాలా ఆలస్యంగా తట్టింది.

కొన్నేళ్ళ క్రితం మాట. అప్పుడు నేను వేరొక విచారణలో ఉన్నాను. ఒక సాయంత్రం జపమాల ముగిశాక ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని ఒక సోదరి మా వరండాలోకి వచ్చింది. చెంప వాచి ఉంది. భర్త కొట్టాడని చెప్పింది. అంతకు ముందే పోలీసు స్టేషనుకు వెళ్ళిందట. వాళ్ళు కాగితం మీద ఏమీ రాయలేదు. భర్తను పిలిపించి నాలుగు మాటలు చెప్పి, “సర్దుకుపోండి” అని ఇద్దర్నీ పంపేశారు. దారిలోనే మళ్ళీ గొడవ. అందుకే గుడికి వచ్చింది.

నేనేం చేశాను? నేనూ అదే మాట అన్నాను. “పిల్లల మొహం చూసి సర్దుకో అమ్మా, నేను అతనితో మాట్లాడతాను” అన్నాను. ఉపదేశిగారిని తోడిచ్చి ఇంటికి పంపాను. నెల తిరగకముందే ఆమె మణికట్టు విరిగి ఆసుపత్రిలో చేరింది. ఆసుపత్రి చీటీలో ‘జారిపడి దెబ్బ తగిలింది’ అని ఉంది. చివరకు కేసు కోర్టుకు వచ్చినప్పుడు అవతలి వకీలు అడిగిన మొదటి ప్రశ్న: “ఇంతకు ముందు ఎవరికైనా ఫిర్యాదు చేశావా?” చేసింది. కాని ఆధారం లేదు. స్టేషన్లో లేదు, ఆసుపత్రిలో లేదు. ఆమె నా దగ్గరకు వచ్చింది. “ఫాదర్ గారూ, నేను వచ్చిన తేదీ మీకు గుర్తుందా?” అని అడిగింది.

నాకు రోజూ డైరీ రాసే అలవాటుంది. తిరగేశాను. ఆ వారం పేజీలన్నీ చూశాను. వర్షం పడిన సంగతి ఉంది. గుడి కప్పు కారిన సంగతి, దాన్ని బాగుచేయించడానికి మేస్త్రీకి ఇచ్చిన బయానా సంగతి ఉన్నాయి. ఆమె వచ్చిన సంగతి మాత్రం లేదు.

పాఠకులారా, ఆ రోజునుండి నన్ను వదలని ప్రశ్న ఇది. ఒక మనిషిపై అధికారం ఉన్నవారు, ఆ మనిషికి ఏం జరిగిందో రాసిపెట్టి, అడిగినవారికి చూపించడం దయా, లేక ధర్మమా? దయ అయితే చేస్తే మంచిది, చేయకపోతే తప్పు లేదు. ధర్మమైతే, చేయకపోవడం అన్యాయం. నేను ఇది ధర్మమే అంటాను. ఎందుకో ఓపికగా వినండి.

పౌలుగారి కేసు

ఈ విషయంలో పరిశుద్ధ గ్రంథం మనకిచ్చిన మంచి పాఠం అపోస్తలుల కార్యములలో ఉంది. పునీత పౌలుగారి జైలు కథను భక్తికోసం చదువుతాం. ఒక్కసారి రికార్డులకోసం కూడా చదవండి.

ఫిలిప్పి పట్టణంలో పౌలును, సిలాసును విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేశారు. తెల్లవారాక అధికారులు భటులను పంపి, వాళ్ళను చడీచప్పుడు లేకుండా వదిలేయమన్నారు. మనమైతే బతుకుజీవుడా అని బయటపడేవాళ్ళం. పౌలుగారు కదలలేదు. బహిరంగంగా కొట్టి రహస్యంగా పంపడం కుదరదని, ఆ అధికారులే స్వయంగా వచ్చి బయటికి తీసుకువెళ్ళాలని పట్టుబట్టాడు. వాళ్ళు వచ్చి బ్రతిమాలుకున్నారు. పౌలుకు పగ ఉందా? ఆ రాత్రే కదా తన కావలివాడికి జ్ఞానస్నానం ఇచ్చాడు! క్షమించిన మనిషే లెక్క కూడా అడిగాడు.

తర్వాత యెరూషలేములో రోమా సహస్రాధిపతి పౌలును కొరడాలతో కొట్టించబోయాడు. అతను రోమా పౌరుడని తెలిశాకే ఆగాడు. కాని పై అధికారి ఫేలిక్సుకు జాబు రాసేటప్పుడు ఏం రాశాడు? ఇతడు రోమా పౌరుడని తెలిసి నేనే కాపాడాను అన్నట్లు రాశాడు. సంకెళ్ళు, కొరడాలు ఆ జాబులో లేవు. రెండు వేల ఏళ్ళనాటి ఈ జాబు నేటి అనేక పోలీసు నివేదికలకు తాత వంటిది. పూర్తి అబద్ధం కాదు, రెండు మూడు విషయాలు జారిపోయాయి, అంతే.

ఫేలిక్సు ఆశించింది లంచం. అది రాకపోయేసరికి పౌలును రెండేళ్ళు చెరలోనే ఉంచి, బదిలీ అయ్యేటప్పుడు అలాగే వదిలిపెట్టి పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఫేస్తుకు మాత్రం ఒక ఇబ్బంది వచ్చింది. ఈ ఖైదీని చక్రవర్తి దగ్గరకు పంపాలి. ఏ నేరమని రాయాలి? నేరమేమిటో రాయకుండా మనిషిని బందీగా పంపడం అర్థంలేని పని అని అతనికే అనిపించింది. అన్యజాతి అధికారికి తట్టిన ఆ ఇంగితం నేటి ప్రభుత్వాలకు తట్టాలని కోరడం అత్యాశ కాదు గదా!

ఎందుకు బాకీ?

పునీత అక్వీనాసు తోమాసుగారు చట్టానికి చెప్పిన నిర్వచనంలో నాలుగు భాగాలున్నాయి. అది వివేకం ఇచ్చిన ఆజ్ఞ కావాలి. అందరి మేలుకోసం ఉండాలి. సమాజం బాధ్యత వహించినవాడు చేయాలి. అది ప్రకటితమై ఉండాలి. చివరిదాన్ని మనం తేలిగ్గా తీసుకుంటాం. కాని దానిలోనే విషయమంతా ఉంది. ప్రజలకు తెలియని ఆజ్ఞ చట్టం కాలేదు. చట్టమే వెలుగులో ఉండాలంటే, ఆ చట్టం పేరిట ఒక మనిషి దేహంమీద చేసిన పని చీకట్లో ఎలా ఉండగలదు?

ఇంకొక మాట. బయట తిరిగే మనిషి తన కష్టం తాను చెప్పుకోగలడు. పదిమందిని సాక్ష్యానికి తెచ్చుకోగలడు. అతన్ని లోపల పెట్టి తలుపు వేసిన క్షణంలో ఆ శక్తి పోయింది. తీసుకున్నది ఎవరు? తలుపు వేసినవారు. ఇతరుల సొత్తు మన చేతికి వస్తే దానికి లెక్క చెప్పడం న్యాయం. బందీ నోటిమాట కూడా సొత్తే. అందుచేత నిర్బంధించినవారు రాసే రిజిష్టరు వారి సొంత పుస్తకం కాదు, లోపలున్నవాని గొంతు. దాన్ని రాయకపోవడం దొంగతనం, తప్పుగా రాయడం అబద్ధసాక్ష్యం. పది ఆజ్ఞలలో రెండు ఇక్కడే ఉన్నాయి.

మూడు తలుపులు

మొదటి తలుపు ఇల్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత 2019–21లో జరిగింది. వివాహమైన 18–49 ఏళ్ళ స్త్రీలలో 29 శాతం మంది భర్తవల్ల శారీరక లేక లైంగిక హింస అనుభవించామని చెప్పారు. హింసకు గురైన స్త్రీలలో సహాయం అడిగినవారు 14 శాతమే. ఆ కొద్దిమందిలో ఒకరు గడప దాటి వచ్చినప్పుడు ఎదురైన మొదటి మనిషి ఏం రాస్తాడన్నదే ఆమె భవిష్యత్తు.

2005లో వచ్చి 2006 అక్టోబరు 26నుండి అమలైన గృహహింస నిరోధక చట్టం ఈ సంగతి గ్రహించింది. రక్షణాధికారి ‘గృహహింస ఘటన నివేదిక’ రాయాలి. దాని ప్రతి ఆమెకు ఉచితంగా అందాలి. మేజిస్ట్రేటు సాధారణంగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలి. రక్షణ ఉత్తర్వు ఉన్నాక రక్షణాధికారి సరైన కారణం లేకుండా తన విధి చేయకపోతే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా అని 33వ సెక్షను చెబుతుంది. వెంటనే 34వ సెక్షను మరొక మాట చెబుతుంది: ఆ అధికారిపై కేసు పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి ముందుగా కావాలి. ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో పట్టుకోవడమంటే ఇదే.

రెండవ తలుపు పోలీసు స్టేషను. 1996 డిసెంబరులో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు నియమాలు పెట్టింది. అరెస్టు చేసినప్పుడు మెమో రాయాలి, దానిపై సాక్షి సంతకం ఉండాలి, బంధువులకు కబురు పంపాలి, ఎవరికి పంపారో డైరీలో ఎక్కించాలి, 48 గంటలకొకసారి వైద్యపరీక్ష చేయించాలి. గమనించండి, వీటిలో ఎక్కువభాగం రాతపనే. దెబ్బలను ఆపడానికి కోర్టు ఎంచుకున్న ఆయుధం కలం! 2013 నవంబరులో లలితా కుమారి కేసులో ఇంకా స్పష్టం చేసింది. విచారించదగిన నేరం గురించి సమాచారమందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలి. భార్యాభర్తల తగాదాల్లో ముందుగా ప్రాథమిక విచారణ చేయవచ్చు, కాని అప్పుడు కూడా వచ్చిన ఫిర్యాదు జనరల్ డైరీలో ఎక్కవలసిందే. అంటే మా సోదరిని స్టేషన్లో సర్దిచెప్పి పంపినా, ఆమె వచ్చిందని ఒక్క వాక్యం ఉండాలి. ఆ ఒక్క వాక్యమే కోర్టులో ఆమెకు కరువైంది. 2020 డిసెంబరు 2న ఇచ్చిన మరొక తీర్పులో ప్రతి స్టేషనులో కెమెరాలు, వాటి దృశ్యాలు 18 నెలలు భద్రం చేసే ఏర్పాటు ఉండాలని అదే కోర్టు ఆదేశించింది.

మూడవ తలుపు మనకు దూరంగా కనిపిస్తుంది. ‘పరదేశి’ అన్న అనుమానంతో పెట్టే నిర్బంధం. అస్సాంలో చాలాకాలం ఈ నిర్బంధ కేంద్రాలు ఆరు జైళ్ళలోనే నడిచాయి. 2023లో గోల్‌పారా జిల్లా మాతియాలో ప్రత్యేక కేంద్రం మొదలైంది. 2019 మేలో అక్కడ ఒక విశ్రాంత సైనికుణ్ణి విదేశీయుడని తేల్చి నిర్బంధించారు. మన సైన్యంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి ఆయన. పోలీసు నివేదిక మాత్రం కూలివాడని చూపింది. ఆ నివేదికలో సాక్షులుగా కనిపించినవారే తామెవరికీ వాంగ్మూలం ఇవ్వలేదన్నారు. జూన్‌లో గువాహటి హైకోర్టు బెయిలు ఇచ్చింది. ఆయనకు సైన్యం కాగితాలున్నాయి, పత్రికలు రాశాయి. ఏ కాగితమూ లేని పేదవాని సంగతేమిటి? మూడేళ్ళు దాటి నిర్బంధంలో ఉన్నవారిని షరతులపై విడుదల చేయవచ్చునని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, 2020లో దాన్ని రెండేళ్ళకు తగ్గించింది. నేరానికి శిక్ష పడినవానికి తన విడుదల తేదీ తెలుసు. వీరికి అదీ తెలియదు.

మన పిల్లల సంగతి కూడా ఉంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ‘ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం’ పేరుతో అక్కడి ప్రభుత్వ అధికారులే ఒక బూటకపు కళాశాల నడిపారు. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. ప్రభుత్వ జాబితాలో మాత్రం గుర్తింపు పొందినదని ఉంది. 2019 జనవరి ఆఖరున దాదాపు 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. ఒకరు తప్ప అందరూ భారతీయులు, వారిలో తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది. వాళ్ళు తెలిసే చేరారని అక్కడి అధికారులు అన్నారు. కొందరు తెలిసి ఉండవచ్చు. తెలిసి చేస్తే తప్పే, నేను వెనకేసుకు రాను. కాని తప్పు చేసినవాడు లెక్క చెప్పాలంటే, తప్పుడు రికార్డు తయారుచేసి రుసుము వసూలు చేసిన ప్రభుత్వం చెప్పనక్కరలేదా? ఒక విద్యార్థి తన డబ్బుకోసం దావా వేస్తే, దాన్ని విని తీరాలని 2024లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. అదే దేశంలో 2018నుండి మరొక నియమముంది. వలస నిర్బంధంలో ఎవరైనా చనిపోతే 90 రోజుల్లో నివేదిక బహిరంగంగా పెట్టాలి. ప్రాణం తిరిగి రాదు. అయినా ఎక్కడో ఉన్న తల్లికి తన బిడ్డ ఎలా పోయాడో తెలియాలి గదా!

మూడు ఆక్షేపణలు

మీలో కొందరు అడగవచ్చు. “ఇన్ని లెక్కలు అడిగితే పోలీసులు పనెలా చేస్తారు ఫాదర్?” వారి కష్టం నాకు తెలుసు. మన విచారణలలోనూ పోలీసు కుటుంబాలున్నాయి. పండుగనాడు మనం పూజలో ఉంటే వారు బందోబస్తులో ఉంటారు. కాని సరైన రాత మంచి పోలీసుకు కవచం. తాను కొట్టలేదని రేపు చూపించేది ఆ మెమో, ఆ కెమెరానే. తప్పుడు కేసులో ఇరుక్కున్న భర్తను కాపాడేదీ నిజమైన రికార్డే. రాత ఎవరి పక్షమూ కాదు.

రెండవది, “ఇంటిగుట్టు లంకకు చేటు” అంటారు. నిజమే, కాని గుట్టు ఎవరిది? గాయపడిన వ్యక్తిది. ఆ గాయాన్ని ఊరంతా చూపించనక్కరలేదు. కోరితే తలుపులు మూసి కేసు వినే వీలు గృహహింస చట్టంలోనే ఉంది. ఇక్కడ ఒక భేదం పాటించాలి. బలహీనుని గాయం గోప్యం, బలవంతుని చేత బహిరంగం. మన సమాజం దీన్ని తలక్రిందులు చేసింది. ఆమె పేరు వీధిలో పడుతుంది, ఆమెను తిప్పిపంపిన అధికారి పేరు ఎవరికీ తెలియదు.

మూడవది మనవారే అడిగేది. “క్రైస్తవులం, క్షమించవద్దా?” క్షమించాలి. కాని పాపసంకీర్తనంలో మనం ఏం చేస్తాం? ‘ఏదో జరిగింది’ అనము. ‘నేను చేశాను’ అంటాం. అలా చెప్పాకే పాపవిమోచనం. నిజం పలకకుండా క్షమాపణ లేదు. కప్పిపుచ్చడం క్షమ కాదు, అది దెబ్బకు మరో అవకాశం. శ్రీసభ చట్టం 1153వ సూత్రం ఏం చెబుతుందో చాలామందికి తెలియదు. జీవిత భాగస్వామివల్ల తనకు గాని పిల్లలకు గాని దేహానికో మనస్సుకో తీవ్రమైన ప్రమాదముంటే, విడిగా ఉండడానికి అది న్యాయమైన కారణం. ఆ సాయంత్రం నేను ఆ సోదరికి చెప్పవలసిన మాట అది. నాకు తెలుసు. చెప్పలేదు.

అందుకే ప్రభుత్వాన్ని మాత్రమే వేలెత్తి చూపడం నాకు తగదు. శ్రీసభ కూడా తలుపులు మూసుకున్న సందర్భాలున్నాయి. మైనరు పిల్లలపై అకృత్యాలను, వాటిని కప్పిపుచ్చడాన్ని గురువులు, మఠవాసులు తప్పక తెలియజేయాలని పోపు ఫ్రాన్సిస్‌గారు 2019లో శాసనం చేశారు. ఆ ఏడాది చివర అలాంటి కేసులకు పరిశుద్ధ పీఠ రహస్య నియమాన్ని తొలగించారు. ఇది ఎంతో ముందు రావలసింది. మన జ్ఞానస్నాన, వివాహ రిజిష్టర్లను పీఠాధిపతులు విచారణ సందర్శనలో తెరిచి చూస్తారు. గురువు రాసినదాన్ని చూసేవారుండాలని శ్రీసభకు తెలుసు. చెంప వాచి వచ్చినవారి విషయంలో ఆ తెలివి ఎందుకుండకూడదు?

మనమేం చేయగలం?

చిన్న పనులే చెబుతాను. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళేవారి వెంట ఒకరు తోడు వెళ్ళండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా అడిగి తీసుకోండి. ‘ముందు విచారిస్తాం’ అంటే జనరల్ డైరీ నంబరు అడగండి. నిరాకరిస్తే ఎస్.పి.గారికి రిజిష్టరు పోస్టులో పంపి రశీదు దాచుకోండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. మహిళల సహాయానికి 181, న్యాయసహాయానికి 15100 నంబర్లున్నాయి. ఒకరి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారాన్ని సమాచార హక్కు చట్టం కింద అడిగితే 48 గంటల్లో ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, మీ ఇంటికి ఎవరైనా ఏడుస్తూ వస్తే, మంచినీళ్ళిచ్చి, విని, తేదీ రాసిపెట్టండి.

మొదటి హత్య జరిగాక దేవుడు కయీనును అడిగింది తన సోదరుడు ఎక్కడున్నాడని. దేవునికి తెలియక అడిగాడా? చంపినవాని నోటినుండి జవాబు రావాలని అడిగాడు. కయీను తనకు కావలి పని లేదన్నట్లు మాట్లాడాడు. ప్రభుత్వం ఒకరిని లోపల పెట్టినప్పుడు ఆ జవాబు కూడా చెల్లదు, ఎందుకంటే కావలి దాని పనే.

ఆ సోదరి ఇప్పుడు తన అక్కగారి ఊళ్ళో కుట్టుపని చేసుకుంటూ పిల్లలను చదివించుకుంటోంది. విరిగిన మణికట్టు వర్షాకాలంలో ఇప్పటికీ లాగుతుందట. నా గదిలో ఇప్పుడు డైరీ పక్కన మరొక పుస్తకముంది. అందులో వచ్చినవారి అనుమతితో తేదీ, వేళ, చూసినది రాస్తాను. పాపసంకీర్తనంలో విన్నది ఎప్పటికీ రాయను, అది దేవునిది. వరండాలో చూసినది మాత్రం రాస్తాను. తాళం వేసి దాస్తాను. ఆ పుస్తకంలో మొదటి పేజీ ఖాళీగా వదిలాను. అది ఆమె వచ్చిన రోజుది. తేదీ నాకింకా గుర్తు రావడం లేదు.